చెవుల మీద రెండు ముఠాల పెత్తనం

మంచి పాటను మంచిగా వినడం ఇంత చవగ్గా మునుపెన్నడూ దొరకలేదు. చిటికెన వేలంత అడాప్టర్, ఓ మాదిరి వైరు ఇయర్‌ఫోన్స్, జేబులో ఎలాగూ ఉండే ఫోను. ఈ మూడూ కలిస్తే వచ్చే ధ్వని మన నాన్నల కాలంలో మధ్యతరగతి ఇంటి గడప తొక్కి ఎరగదు. అయినా మన ఇళ్లలో, బస్సుల్లో, హాస్టల్ గదుల్లో పాట నానాటికీ పలచబడుతోంది. ఎందుకంటే పాటకీ మన చెవికీ మధ్య రెండు ముఠాలు దుకాణం పెట్టుకుని కూర్చున్నాయి.

ఒకటి ఫోన్ కంపెనీల ముఠా. "మీకు ఈ మాత్రం చాలు" అని చెప్పి, ఉన్న జాక్‌ను పూడ్చేసి, బ్యాటరీతోపాటే ప్రాణం పోయే బడ్స్ అంటగడుతుంది. రెండోది హైఎండ్ ఆడియో వ్యాపారుల ముఠా. "అసలైన శబ్దం మీ తాహతుకు అందేది కాదు" అని బెదిరించి, లక్షల రూపాయల డబ్బాలు చూపిస్తుంది. మొదటిది మన చెవిని చులకన చేస్తుంది, రెండోది మన జేబును చులకన చేస్తుంది. రెండూ చెప్పేది పచ్చి అబద్ధం. ఫోను పట్టుకున్న ప్రతి మనిషికీ మంచి ధ్వని వినే హక్కుంది, అందుకు కావలసిన సరంజామా ఒక పూట హోటల్ భోజనానికి కుటుంబం పెట్టే ఖర్చులో వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు జాక్ సంగతి తేల్చుకుందాం. ట్రాన్సిస్టర్ రేడియోల కాలం నుంచీ ఆ 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ను మనతో ఉంది. వాక్‌మన్‌లో ఉంది, కంప్యూటర్లో ఉంది, చాలా ఫోన్లలో ఉంది. ఏ కంపెనీ ఇయర్‌ఫోన్స్ అయినా ఏ కంపెనీ పెట్టెలోనైనా దూరేవి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి యాప్ దిగుమతి చేసుకోనక్కర్లేదు, చార్జింగ్ పెట్టనక్కర్లేదు. 2016 సెప్టెంబరులో యాపిల్ ఐఫోన్ 7 నుంచి దాన్ని తీసేసింది. వేదిక మీద అది తమ ధైర్యమని చెప్పుకుంది. అదే వేదిక మీద, అదే రోజు ఎయిర్‌పాడ్స్ అమ్ముతామని ప్రకటించింది. ఒక చేత్తో తాళం వేసి రెండో చేత్తో తాళంచెవి అమ్మడం వ్యాపారం. దానికి ధైర్యమని పేరు పెట్టడం మన తెలివిని అవమానించడం.

మిగతా కంపెనీలైనా నిలబడ్డాయా? అదే ఏడాది నోట్ 7 విడుదల వేదిక మీద తమ ఫోనుకు జాక్ ఉందని ప్రత్యేకంగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్న శాంసంగ్, 2019లో నోట్ 10 నుంచి జాక్ పీకేసింది. మొదటి పిక్సెల్ ప్రకటనలో జాక్‌ను గొప్పగా చూపించుకున్న గూగుల్, ఏడాది తిరిగేసరికి 2017లో పిక్సెల్ 2లో దాన్ని ఎత్తేసింది. వన్‌ప్లస్ 2018లో 6టీతో అదే దారి పట్టింది. యాపిల్ మొదట్లో పెట్టెలో ఒక అడాప్టర్ పెట్టేది. 2018లో దాన్నీ తీసేసింది. 2020లో ఇయర్‌ఫోన్సే తీసేసింది. ఒక్కో ఏడాది ఒక్కో వస్తువు మాయం.  అంకెల పాటను చెవికి పనికొచ్చే తరంగంగా మార్చే మంచి డాక్ చిప్పును ఫోన్లోనే పెట్టి, 2016లో వీ20 లాంటి ఫోన్లు తెచ్చిన ఎల్‌జీ, 2021లో ఫోన్ల వ్యాపారమే మానుకుంది. శబ్దాన్ని పట్టించుకున్నవాడు బజారు వదిలి వెళ్లాడు, పట్టించుకోనివాళ్లు బజారును ఏలుతున్నారు.

వాళ్లు చెప్పే సాకులు కూడా నిలబడవు. జాక్ ఉంటే నీళ్లు దూరతాయన్నారు. 2016 నాటి శాంసంగ్ గెలాక్సీ ఎస్7కు జాక్ ఉంది, ఐపీ68 నీటి రక్షణా ఉంది. చోటు చాలదన్నారు. జాక్ తీసేసిన సోనీ 2020లో ఎక్స్‌పీరియా 1 మార్క్ 2లో దాన్ని తిరిగి పెట్టి చూపించింది, అదీ నీటి రక్షణతోనే. ఈ రోజుకీ పది వేల రూపాయల ఫోన్లు ఎన్నింటికో జాక్ ఉంది. పది వేల ఫోన్లో పట్టే రంధ్రం లక్ష రూపాయల ఫోన్లో పట్టదని చెప్పేవాడికి మనం ఎలా కనిపిస్తున్నాం?

జాక్ బదులు ఏమిచ్చారు? బ్లూటూత్. దాని లోగుట్టు తెలుసుకోవాలి. 1982 నుంచి సీడీ లెక్క ఒక్కటే. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. రెండు చానళ్లకూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్ సంగీతానికి తప్పనిసరి కోడెక్, అంటే పాటను కుదించి పంపే పద్ధతి, ఎస్‌బీసీ. అది మామూలుగా పంపేది గరిష్ఠంగా 328 కిలోబిట్లు. సోనీ తయారుచేసిన ఎల్‌డాక్ 990 దాకా వెళ్లగలదు, కానీ సిగ్నల్ బలంగా ఉంటేనే. అమీర్‌పేట మెట్రో స్టేషన్ లాంటి రద్దీలో అది మెట్లు దిగుతూ పోతుంది. ఐఫోన్లో ఎల్‌డాక్ లేనే లేదు. పైగా నెట్ నుంచి వచ్చే పాట చాలాసార్లు అప్పటికే ఒకసారి కుదించినది. బ్లూటూత్ దాన్ని విప్పి, మళ్లీ కుదించి, గాలిలోకి వదులుతుంది.

2021 జూన్‌లో యాపిల్ మ్యూజిక్ ఏ నష్టమూ లేని లాస్‌లెస్ పాటలు తెచ్చింది. స్పాటిఫై 2021 ఫిబ్రవరిలో మాటిచ్చి, 2025 సెప్టెంబరులో గానీ ఇవ్వలేదు. సరే, వచ్చాయి. కానీ నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకున్న ఆ లాస్‌లెస్ పాట చాలా ఫోన్ల నుంచి బ్లూటూత్ బడ్స్‌కు లాస్‌లెస్‌గా చేరదు. బావి నిండా నీళ్లుండి చేద చిల్లుదైతే ఇంటికి చేరేది ఎంత? చేద అమ్మేవాడూ, బావికి అద్దె వసూలు చేసేవాడూ ఒక్కడే అయినప్పుడు చిల్లు సంగతి ఎవరు చెబుతారు?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. 320 కిలోబిట్ల మంచి ఫైలుకూ సీడీకీ తేడా గుడ్డి పరీక్షలో చాలామంది పట్టుకోలేరు. బ్లూటూత్ వద్దే వద్దని కూడా నేను అనను. నడకలో, పరుగులో, వంటింట్లో అది హాయి. విమానం హోరును అణిచే హెడ్‌ఫోన్స్ గొప్ప వరం. నా పోట్లాట ఆ సౌకర్యంతో కాదు. ఆ ఒక్కటే దిక్కు అని మనల్ని మూలకు నెట్టడంతో. ఎందుకంటే ఆ మూలలో మనం పోగొట్టుకునేది బిట్లు మాత్రమే కాదు.

మొదటిది, వస్తువు ఆయుష్షు. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్స్ నేటికీ అమ్ముడుపోతున్నాయి. చెవి దిండు చిరిగితే మార్చుకోవచ్చు, తీగ తెగితే మార్చుకోవచ్చు. తండ్రి కొన్నది కొడుకు వినొచ్చు. బడ్స్ సంగతి? లోపల చిన్న లిథియం బ్యాటరీ, బయట జిగురు. కొన్నేళ్లకు బ్యాటరీ నీరసిస్తుంది. స్పీకరు బాగానే ఉంటుంది, మైకు బాగానే ఉంటుంది, అయినా మొత్తం చెత్తబుట్టలోకి. వేల రూపాయలు పోసి కొన్న వస్తువుకు పుట్టినరోజు నాడే చావు తేదీ రాసిపెట్టి అమ్ముతున్నారు.

రెండోది నాకు మరీ కడుపు మండే సంగతి. డాలస్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో పెరిగే తెలుగు పిల్లలు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న గురువుగారి దగ్గర వీడియో కాల్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. ఇది ఈ తరంలో జరిగిన గొప్ప మంచి. తల్లిదండ్రులు ప్రేమతో ఖరీదైన బడ్స్ కొనిస్తారు. పిల్ల చెవిలో పెట్టుకుని పాఠం మొదలుపెడుతుంది. బడ్స్ మైకు తెరుచుకున్న క్షణాన మామూలు బ్లూటూత్ సంగీతం దారి వదిలి ఫోన్ కాల్ దారిలోకి మారిపోతుంది. రెండు చానళ్లు ఒకటైపోతాయి. సెకనుకు 44,100 కొలతలకు బదులు చాలా బడ్స్‌లో 8,000 లేదా 16,000. అంటే 4,000 లేదా 8,000 హెర్ట్జ్ పైనున్న శబ్దమంతా గోడ అవతలే. తంబురా తీగ కింద జీవా దారం సర్ది రాబట్టే ఆ జుమ్మనే మెరుపు, వయొలిన్ తీగ మీద కమాను ఒరిపిడి, మృదంగం చాపు అంచు ఆ పైకి కూడా పాకుతాయి. దానికి తోడు కాల్ యాప్ తంబురా శ్రుతిని ఫ్యాన్ హోరు అనుకుని అణిచేస్తుంది. పిల్ల గురువుగారి గొంతు అస్థిపంజరం మాత్రమే విని, దాన్నే సంగీతమనుకుని సాధన చేస్తుంది. బ్లూటూత్ తెచ్చే ఆలస్యం తాళాన్ని ఇంకాస్త వెనక్కి లాగుతుంది.

మైకున్న మామూలు వైరు ఇయర్‌ఫోన్స్, ఒక చిన్న టైప్-సి అడాప్టర్ ఉంటే ఆ బ్లూటూత్ గోడ కూలిపోతుంది. జూమ్‌లో సంగీతం కోసమే ఉన్న ఒరిజినల్ సౌండ్ మీట గురువుగారు కూడా నొక్కితే శ్రుతి కూడా తిరిగొస్తుంది. ఇంత చిన్న ఉపాయం ఏ బడ్స్ ప్రకటనలోనూ కనబడదు. వేలమంది పిల్లలు చెవులు సాన పట్టుకోవలసిన వయసులో తరుగు శబ్దంతో చెవులు మొద్దుబార్చుకుంటుంటే, ఆ ప్రకటనలు మాత్రం నాణ్యత గురించి పాఠాలు చెబుతాయి. దీన్ని నేను క్షమించలేను.

ఇంతకీ ఆ అడాప్టర్ చేసేది ఏమిటి? ఫోన్లో పాట అంకెల వరస. దాన్ని చెవికి పనికొచ్చే విద్యుత్ తరంగంగా మార్చేది డాక్. ఆ తరంగానికి హెడ్‌ఫోన్స్‌ను కదిలించే బలమిచ్చేది యాంప్. జాక్ ఉన్న రోజుల్లో రెండూ ఫోను పొట్టలోనే ఉండేవి. ఇప్పుడు టైప్-సి కొనకు వేలాడే ఆ చిన్న డాంగిల్‌లో ఉన్నాయి. సిరస్ లాజిక్, ఈఎస్ఎస్, ఏకేఎం లాంటి కంపెనీల చిప్పులు ఈ పని అద్భుతంగా చేస్తాయి. పైగా సున్నితమైన అనలాగ్ భాగం ఫోన్లోని రేడియోలకూ ప్రాసెసర్‌కూ దూరంగా బయటికి వస్తుంది. అమెరికాలో 9 డాలర్లకు అమ్మిన యాపిల్ టైప్-సి అడాప్టర్‌ను స్వతంత్ర పరీక్షకులు కొలిచి చూశారు. సీడీ ఇవ్వగల 96 డెసిబెల్స్ పరిధిని అది దాదాపు పూర్తిగా అందుకుంటుంది. చిల్లర ఖర్చుతో దొరికే ఈ ముక్కను పెట్టెలో పెట్టడానికి లక్ష రూపాయల ఫోను అమ్మేవాడికి చేతులు రావు!

కొనేవాళ్లను గోతిలో పడేసే ఉచ్చులు కూడా ఈ బజార్లో ఉన్నాయి. అవి చెప్పకపోతే నేనూ మోసం చేసినట్టే. వంద, రెండొందలకు ఫుట్‌పాత్ మీద అమ్మే కొన్ని టైప్-సి జాక్‌లలో డాక్ ఉండదు, ఉత్త తీగ మాత్రమే. ఫోనే లోపలి నుంచి అనలాగ్ శబ్దం పంపే కొన్ని మోడళ్లలోనే అవి పలుకుతాయి. మిగతావాటిలో గుడ్డి మౌనం. అడగాల్సిన ప్రశ్న ఒకటే: లోపల డాక్ ఉందా లేదా? ఇక, పైన మెచ్చుకున్న యాపిల్ అడాప్టర్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తి వాల్యూమ్ ఇవ్వదు. ఆండ్రాయిడ్ వాళ్లు ఆండ్రాయిడ్‌లో సరిగా పలికే ఫియో, మూన్‌డ్రాప్ లాంటి కంపెనీల డాంగిల్స్ చూసుకోవాలి. 16, 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్‌కు చిన్న డాంగిల్ ధారాళంగా చాలు. హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు కాస్త కండ ఉన్న డాంగిల్ కావాలి. డాంగిల్ ఫోను బ్యాటరీనే తాగుతుంది, ఉన్న ఒక్క పోర్టునూ ఆక్రమిస్తుంది. పాట వింటూ చార్జింగ్ పెట్టాలంటే ఇంకో స్ప్లిటర్ కొనాలి. ఈ తిప్పలన్నీ డాంగిల్ తప్పులు కావు. జాక్ పూడ్చినవాళ్లు మన నెత్తిన రుద్దినవి.

ఆండ్రాయిడ్ ఇంకో పని కూడా చేస్తుంది. పాట, మెసేజ్ శబ్దం, ఆట శబ్దం అన్నింటినీ ఒకే మిక్సర్‌లో వేసి, సాధారణంగా సెకనుకు 48,000 కొలతల రేటుకు మార్చి పంపుతుంది. పాటను ఉన్నదున్నట్టు యూఎస్‌బీకి అందించే వీలు గూగుల్ ఆండ్రాయిడ్ 14తో, అంటే 2023లో గానీ యాప్‌లకు ఇవ్వలేదు. అందాకా ఆ పని చేసి పెట్టింది యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌లు. పెద్ద కంపెనీ అన్నేళ్లు పట్టించుకోని పనిని చిన్న బృందాలు సొంత డ్రైవర్ రాసుకుని చేశాయి. ఆ మార్పిడి వల్ల ప్రళయమేమీ రాదు. కానీ డబ్బు పెట్టి కొన్న పాటను ఎవరూ ముట్టుకోకుండా వినాలనే కోరిక న్యాయమైనదే.

ఇక రెండో ముఠా. ఈ ముఠా మొదటి ముఠా చేసిన గాయం మీద మందు అమ్ముతుంది. అదీ నకిలీ మందు. వేల రూపాయల వెండి యూఎస్‌బీ కేబుల్ వేస్తే గాయకుడి ఊపిరి వినబడుతుందంటారు. యూఎస్‌బీలో వెళ్లేవి అంకెలు. అవి సరిగా చేరాక తీగ వెండిదైనా రాగిదైనా పాట మారదు. 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద బంగారు అక్షరాలు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు. నడివయసు వచ్చేసరికి ఆ పైమెట్టు కూడా దిగిపోతుంది. 44.1 కిలోహెర్ట్జ్ సీడీ ఆ పరిధిని పూర్తిగా పట్టుకుంటుంది, ఇది నైక్విస్ట్, షానన్ నాటి గణితం. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో తమ పరీక్ష ఫలితం ప్రకటించారు. హై-రెజల్యూషన్ డిస్కుల శబ్దం మధ్యలో సీడీ స్థాయికి దించే పెట్టె పెట్టినా, మామూలు వాల్యూమ్‌లో వినేవాళ్లు తేడా కనిపెట్టలేకపోయారు.

ఎమ్‌క్యూఏ అనే ఆడియో ఫార్మాట్ చరిత్ర ఈ ముఠాకు నిలువుటద్దం. 2014లో వచ్చింది. స్టూడియో శబ్దాన్ని యథాతథంగా అందించే కొత్త విద్య అన్నారు. డాక్ తయారీదార్లు లైసెన్సు రుసుము కట్టారు, పాటల సేవ టైడల్ 2017లో నెత్తికెత్తుకుంది, డాంగిల్స్ మీద ప్రత్యేక రంగు దీపాలు వెలిగించారు. అది లాస్‌లెస్ కాదని తెలిసినవాళ్లు మొదటి నుంచీ మొత్తుకున్నారు. 2023 ఏప్రిల్‌లో ఆ కంపెనీ దివాలా పాలకుల చేతికి వెళ్లింది. 2024 జూలైలో టైడల్ దాన్ని వదిలేసి ఎవరి సొత్తూ కాని లాస్‌లెస్ ఫార్మాట్ ఫ్లాక్‌కు మారింది. ఆ దీపం కోసం అదనంగా డబ్బు పోసిన శ్రోతకు ఎవరైనా తిరిగి ఇచ్చారా?

మన పాటల సంగతే చూడండి. ఘంటసాల తొలినాళ్ల పాటలు 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద వచ్చాయి. ఆ గాడిలో పట్టినంత శబ్దమే మనకు మిగిలింది. దానికి 192 కిలోహెర్ట్జ్ ముద్ర వేసి అమ్మితే ఆయన గొంతుకు కొత్తగా కలిసేది ఏమీ లేదు. శ్రద్ధగా బదిలీ చేసి, గొంతులోని కాంతిని తుడిచేయకుండా గరగర తగ్గిస్తే, సీడీ స్థాయిలోనే ఆ గొంతు నిండుగా ముందు నిలబడుతుంది. కాబట్టి లెక్క సరిగ్గా వేసుకోండి. మొదట మంచి రికార్డింగ్. తర్వాత మంచి ఇయర్‌ఫోన్స్, అవి చెవిలో గాలి పోకుండా కూర్చునే సరైన రబ్బరు మొన. ఆ మొన సరిపోకపోతే ఎంత ఖరీదైనదైనా మంద్రం ఆవిరైపోతుంది. ఆఖరున డాక్. పది వేలు ఉంటే ఏడెనిమిది వేలు ఇయర్‌ఫోన్స్ మీద పెట్టండి, మిగిలినదాంట్లో డాంగిల్ వస్తుంది. ఈ వరస తలకిందులు చేసి చెప్పేవాడు అమ్మకందారు.

"సామాన్యుడికి ఇంత తేడా తెలుస్తుందా?" అనే ప్రశ్న ఉంది. రెండు ముఠాలూ బతికేది ఈ ప్రశ్న మీదే. తెలియదు కనుక ఏదిచ్చినా చాలని ఒకడు, తెలిసినవాళ్లం మేమే కనుక మేం చెప్పిన ధర కట్టమని ఇంకొకడు. పద్యనాటకం నడిచిన ఊరి చరిత్ర వీళ్లెవరికీ తెలియదు. హరిశ్చంద్రుడు కాటిసీనులో పద్యం ఎత్తుకుని రాగం తీస్తే, తెల్లవార్లూ నేల మీద కూర్చుని "వన్స్ మోర్" అని మళ్లీ పాడించుకున్నది రైతులూ కూలీలూ. హార్మోనియం శ్రుతి మీద గొంతు ఒక్క వాసి జారితే మొహం మీదే చెప్పినవాళ్లు వాళ్లు. భజన మందిరంలో తాళం తప్పితే పక్కవాడి తొడ చరిచి సరిదిద్దిన జాతి ఇది. ఈ చెవులకు తేడా తెలియదనడానికి ఎవరికి అర్హత ఉంది? వినిపించనివ్వకుండా చేసి, వినలేరని తీర్పు చెప్పడం అన్యాయం.

అందుకే డిమాండ్లు పేరుపేరునా పెడుతున్నాను. ఫోన్ కంపెనీలు తమ ఖరీదైన వరసలో కనీసం ఒక్క మోడల్‌కైనా జాక్ తిరిగి పెట్టాలి. జాక్ లేని ప్రతి ఫోను పెట్టెలో డాక్ ఉన్న అడాప్టర్ ఉచితంగా ఉండాలి. ఫోను టైప్-సి పోర్టు అనలాగ్ శబ్దం ఇస్తుందో లేదో, పాటను మార్చకుండా యూఎస్‌బీకి పంపగలదో లేదో పెట్టె మీద తెలుగులో, కొనేవాడికి కనబడే అక్షరాల్లో అచ్చువేయాలి. అన్ని ఫోన్లకూ ఒకే చార్జింగ్ పోర్టు ఉండాలని ఐరోపా సమాఖ్య చట్టం చేసింది. చార్జింగ్ తీగకు చట్టం చేయగలిగిన ప్రభుత్వాలు పాట తీగకు ఎందుకు చేయలేవు? బడ్స్ బ్యాటరీ విప్పి మార్చుకునేలా ఉండాలని ఆ పాట తీగ చట్టంలోనే రాయమనండి. ఆడియో వ్యాపారులు తమ డబ్బా గొప్పదనాన్ని కొలతలతో, గుడ్డి పరీక్షతో నిరూపించాలి, లేదా నోరు మూసుకోవాలి. పాటల కంపెనీలు పాత తెలుగు పాటలకు డప్పులు అతికించడం మాని, మూల టేపులు ఉన్నచోట వాటి నుంచి శుభ్రమైన బదిలీలు విడుదల చేయాలి. ఆన్‌లైన్ గురువులు మొదటి పాఠంలోనే శ్రుతితోపాటు వైరు సంగతీ చెప్పాలి.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మన డబ్బు. షాపులో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు "జాక్ ఉందా? లేకపోతే అడాప్టర్ పెట్టెలో ఉందా?" అని అడగండి. కౌంటర్ అవతలి కుర్రాడికి జవాబు తెలియకపోతే తెలుసుకుని చెప్పేదాకా నిలబడండి. రోజుకు పది మంది ఈ ప్రశ్న అడిగిన షాపు నుంచి అది డీలరుకు వెళ్తుంది, డీలరు నుంచి కంపెనీకి వెళ్తుంది. అడగనివాళ్లకు ఎవరూ ఏదీ ఇవ్వరు. జాక్‌ను మన నోరు కట్టేసి తీసుకెళ్లలేదు, మనం అడగకపోవడం చూసుకుని తీసుకెళ్లారు. అడిగి, అడిగి, డబ్బు వెనక్కి జేబులో పెట్టుకుని షాపు దిగి, తిరిగి తెచ్చుకుందాం.